ఉడుముల గుట్ట మొక్కు

ఉడుముల గుట్ట పైన ఏముందో స్వరూపకు తెలియదు. ఎనిమిది నెలలుగా ఆ గుట్ట కిందే క్యాంపు వంటపాకలో పొయ్యి వెలిగిస్తోంది, ఆ గుట్ట ఎక్కేవాళ్ళకే జొన్నరొట్టెలు తడుతోంది, అయినా తెలియదు.

అడగక కాదు. శని, ఆదివారాల్లో హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బస్సుల్లో దిగుతారు. కృష్ణ ఒడ్డున గుడారాల్లో పడుకుని, తెల్లవారుతూనే తలా ఒక కర్ర పట్టుకుని గుట్టెక్కుతారు. పదకొండు గంటలకు దిగి వచ్చేసరికి మోచేతులు గీసుకుపోయి ఉంటాయి, ప్యాంట్ల నిండా పల్లేరుకాయలు అంటుకుని ఉంటాయి. ముఖాలు మాత్రం జాతర చూసి వచ్చిన పిల్లల ముఖాల్లా ఉంటాయి. "పైనేముందమ్మా?" అని మజ్జిగ గ్లాసు అందిస్తూ స్వరూప అడుగుతుంది. "వ్యూ ఆంటీ, వ్యూ!" అంటారు. ఇంకా గుచ్చి అడిగితే "మాటల్లో చెప్పలేం" అంటారు. ఇంత చదువుకున్నవాళ్ళు, గంటలకొద్దీ ఫోన్లలో మాట్లాడేవాళ్ళు, ఈ ఒక్కదానికే మాటలు ఎందుకు దొరకవో ఆమెకు అంతు పట్టదు.

క్యాంపులో దారి చూపించే తిరుపతిని అడిగితే మరీ అన్యాయం. వాడు వారానికి రెండుసార్లు పైకి వెళ్ళొస్తాడు.

"ఏముంటదక్కా? బండలు. గాలి."

"గంతేనా? గాలి కోసం గంత దూరం నుంచి ఒస్తరా?"

"నడిచే పని లేనోళ్లు గద, నడవనీకొస్తరు."

వాడలా తేల్చేసి ఈలను మెళ్ళో సర్దుకుంటూ పోతే స్వరూపకు ఒళ్ళు మండేది. రోజూ చూసేవాడికి దాని విలువేం తెలుస్తుంది? ఏమీ లేదని చెప్పడానికి కూడా ముందు చూసి ఉండాలి కదా. ఆమెకు ఆ భాగ్యమే లేకపోయె.

ఎందుకు లేదంటే, సెకండ్ స్టాప్ ఉంది. గుట్ట మొదట్లో జీపు ఆగే చోటు ఫస్ట్ స్టాప్. అక్కడి నుంచి అరగంట ఎక్కితే మద్దిచెట్ల మధ్య ఇల్లంత బండ ఒకటి వస్తుంది, అది సెకండ్ స్టాప్. ప్రతి ఆదివారం స్వరూప, ఆమెతో వంట చేసే కిష్టమ్మ చుట్టబట్టలు పెట్టుకుని ఉప్మా డబ్బా, పల్లిచట్నీ, ప్లేట్లు, చాయ్ ఫ్లాస్కులు అక్కడిదాకా నెత్తిన మోస్తారు. బండ పక్కనే రెండు చెట్లకు నీలం తాడు కట్టి ఉంటుంది. తాడుకు చిన్న బోర్డు: సిబ్బంది ఇక్కడి వరకే.

క్యాంపు యజమాని చంద్రశేఖర్ వనపర్తి మనిషి. చెడ్డవాడేమీ కాదు, ఎవరినీ 'ఒసే' అనడు. ఆ తాడు సంగతి మొదటి వారంలోనే నెమ్మదిగా చెప్పాడు. "వాళ్ళు మనుషులు లేని చోటు చూద్దామని వస్తరమ్మా. పైన గిన్నెలు, చెంచాలు పట్టుకుని మనం తిరిగితే ఏం బాగుంటది?" స్వరూప తలూపింది. తర్వాత రొట్టె తడుతూ చాలాసేపు ఆలోచించింది. అరవై మంది ఎక్కితే మనుషులు లేని చోటు, తను ఒక్కతే ఎక్కితే మనుషులున్న చోటు ఎట్లా అవుతుందో ఆమెకు ఎంతకీ లెక్క కుదరలేదు.

ఆ ఆదివారం అరవై మంది బ్యాచిలో ఉమ అనే పంతులమ్మ వచ్చింది. సెకండ్ స్టాప్ చేరేసరికి మడమ బెణికి బండ మీద కూలబడిపోయింది. మిగతావాళ్ళు ఉప్మా తిని తాడు దాటి వెళ్ళిపోయారు. కిష్టమ్మ ఖాళీ డబ్బా ఎత్తుకుని కిందికి దిగింది. ఉమకు తోడుగా స్వరూప మిగిలింది.

"నా ఖర్మ చూడండి," అంది ఉమ, కాలు చాపుకుంటూ. "ఆర్నెల్ల నుంచి అనుకుంటున్నా. మీకేం, మీరు ఎన్నిసార్లు చూసుంటారో."

"నేను సూడలేదమ్మా."

"అంటే?"

"ఈ తాడు దాంక్నే మాది."

ఉమ బోర్డు చదివింది. ఆమె ముఖం ముడుచుకుంది. "ఎప్పుడూ వెళ్ళలేదా? ఇక్కడే ఉంటూ?" అంది. ఆ అడగడంలో జాలి కంటే ఆశ్చర్యమే ఎక్కువ. సముద్రం ఒడ్డున ఉండి నీళ్ళు ముట్టుకోలేదన్న మనిషిని చూసినట్టు చూసింది. స్వరూపకు సిగ్గేసింది. తప్పు తనదే అయినట్టు ప్లేట్లు దొంతర పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది.

అప్పుడు పైనుంచి కేకలు వినిపించాయి. భయపడ్డ కేకలు కావు. అంతమంది ఒక్కసారిగా నోళ్ళు తెరిచి "హో" అన్నారు, ఆ వెంటనే అంతా నిశ్శబ్దమైపోయింది. అంతమందిని ఒకేసారి అరిపించి ఒకేసారి నోరు మూయించేది అక్కడ ఏముంది? స్వరూప కాళ్ళు ఆమెను అడగలేదు. తాడు కింద వంగి అటువైపు తేలింది. పది అడుగులు వేసింది, పదిహేను వేసింది. దారి ఒక మలుపు తిరిగి గడ్డిలోకి పోయింది. మలుపు అవతల ఆకాశం ఎక్కువగా కనిపిస్తోంది. ఇంతలో నెత్తి మీద తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద వినిపించింది. తలెత్తి చూస్తే క్యాంపు వాళ్ళు వీడియో తీసే డ్రోను. దాని కన్ను తన వైపే ఉంది. స్వరూప కొంగు నెత్తిన వేసుకుని వచ్చిన దారినే పరుగు తీసింది.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయాక చంద్రశేఖర్ వంటపాక దగ్గరకు వచ్చాడు. ఫోను ఆమె ముందు పెట్టాడు. పచ్చగా, పసుపుగా గుట్ట వాలు. మధ్యలో నారింజ రంగు చుక్క. ఆ చుక్క వంగి పరుగెత్తుతోంది.

"చూసినవా? మొత్తం షాటు పోయింది. మళ్ళీ తియ్యాలంటే మళ్ళీ అంతమంది రావాలె."

స్వరూప ఆ చుక్కను చూడలేదు. చుక్క కంటే పైన, తెర అంచున, గుట్ట కొన ఉంది. దాని వెనక వెండి రంగులో ఏదో వెడల్పుగా మెరుస్తోంది. అది నదా, ఆకాశమా? తేల్చుకునేలోపే చంద్రశేఖర్ వేలు తెరను పక్కకు నెట్టేసింది.

"తప్పయింది సార్," అంది. వెంటనే, తనకే తెలియకుండా, "సార్, బుధవారం, బేస్తవారం ఎవరూ ఉండరు గద. ఒక్కపారి పైకి పోయొస్త" అంది.

"ఎందుకు? పైన నీకేం పని?"

"పనేం లేదు సార్. సూడనీకె."

చంద్రశేఖర్ నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదది, నిజంగానే అర్థం కాని నవ్వు. "జారి పడితే ఎవరు జవాబు చెప్పాలె? పనేదన్న ఉంటే అది వేరు. ఊరికే ఎందుకమ్మా?" అని గోడకు తగిలించిన తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. ఇల్లంటే గుడారాల వెనక సిబ్బందికి వేసిచ్చిన రేకుల గది. భర్త గోవిందు క్యాంపు పడవ నడుపుతాడు. సాయంత్రం ఇంజను నూనె చేతులు కడుక్కుంటూ విన్నాడు.

"కట్టెలు కావాల్నంటే నేను తెస్త గద."

"కట్టెలకు గాదు."

"సీతాఫలాలకా? అయిపోయినయి గవి."

"దేనికీ గాదు."

"దేనికీ గానప్పుడు ఇంకేందే?" అన్నాడు గోవిందు. అడగాల్సిందంతా అడిగేసినట్టు కంచం ముందుకు జరుపుకున్నాడు.

అత్త ఈదమ్మ మూలన కూర్చుని వక్క నములుతోంది. అరవై దాటిన మనిషి, క్యాంపులో అంట్లు తోముతుంది. ఆమె మాట తక్కువ, అన్నదంటే తిరుగుండదు. "పని లేకుంట ఆడది గుట్టెక్కింది అంటె మంది ఏమనుకుంటరు?" అంది. అంతే, ఆ చర్చ అక్కడితో ముగిసింది.

స్వరూప మంచాన పడుకుని తన కాళ్ళు తిరిగిన చోట్లన్నీ తలచుకుంది. గట్టు దగ్గర చేలల్లో నడిచింది, చేతిలో కొడవలి ఉంది. పొరుగు రాష్ట్రాల్లో కాల్వ పనులకు పోయింది, నెత్తిన తట్ట ఉంది. మేకల వెంట తిరిగింది, కట్టెల మోపు మోసింది, దవాఖానకు బిడ్డను ఎత్తుకుని పోయింది. ఇన్నేళ్ళలో ఒట్టి చేతులతో ఎక్కడికైనా పోయిందా? ఒక్క చోటు గుర్తుకు రాలేదు. ఆ సంగతి తట్టగానే ఆమెకు దుఃఖం వచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది.

సోమవారమంతా ఆమె చేతిలో పని నిలవలేదు. పిండిలో వేడినీళ్ళు ఎక్కువ పోసింది. పెనం మీద రొట్టె మాడ్చింది. పొయ్యి ఊదుతూ ఊదుతూ లేచి గుట్ట వైపు చూసేది. కిష్టమ్మ "నీకు సుస్తీ ఏమన్న చేసిందా?" అని నుదురు తాకి చూసింది. ఒంట్లో ఏ సుస్తీ లేదు. ఒళ్ళు నిలవడం లేదు, అంతే.

మంగళవారం పొద్దున అంట్ల తొట్టి దగ్గర అత్త పక్కన కూర్చుని ఆమె ఆ మాట అనేసింది.

"అత్తా, నాకు కలొచ్చింది."

"ఏం కల?"

"గుట్ట మీద అమ్మ కనబడ్డది. పిలిచింది."

ఈదమ్మ గిన్నె తోముతూనే ఉంది. ఆమెకు దేవతలు కలలో రావడం కొత్త కాదు. ఆమె పేరే ఒక అమ్మ పేరు. పుట్టినప్పుడు మొక్కుకుని పెట్టిన పేరు. "ఏమడిగింది?" అంది, ఉత్తరంలో ఏం రాశారని అడిగినంత మామూలుగా.

స్వరూప ఇక్కడిదాకానే ఆలోచించింది. కోడి అంటే మొగుడు కొనాలి. బోనం అంటే డప్పులు కావాలి, నలుగురు రావాలి. అవేవీ లేకుండా తను ఒక్కతే పోయి రావాలి.

"ఏమడగలే. ఒక్కపారి ఒచ్చి సూసిపొమ్మన్నది."

ఈదమ్మ చేతిలో పీచు ఆగింది.

"కోడిని?"

"అడగలే."

"కల్లు?"

"ఊహూఁ."

"చీర, రవికె? ఒక నిమ్మకాయ?"

"ఏం ఒద్దన్నదత్తా. ఒట్టి చేతులతోని రమ్మన్నది."

అత్త కోడలి ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో! ఈదమ్మ గిన్నె బోర్లించి, దాని మీద చెంబెడు నీళ్ళు పోసింది. "అమ్మ పిలిస్తె పోకుంటె ఎట్ల? నేనూ ఒస్త" అంది.

అబద్ధం పలికేటప్పుడు ఒకరిదే, పలికాక అందరిదీ అవుతుందని స్వరూపకు ఆ రోజు తెలిసొచ్చింది. మధ్యాహ్నానికల్లా కిష్టమ్మ "నేను గూడ ఒస్త, ఇరవై ఏండ్ల సంది ఈ మోకాలు సతాయిస్తుంది, అమ్మకు జెప్పుకుంట" అంది. కాసేపటికి దుప్పట్లు ఉతికే అమృతమ్మ వచ్చి నిలబడింది. రాజోలి దగ్గరి ఊరు ఆమెది. ఆదివారం చర్చికి పోదామంటే ఆదివారమే క్యాంపులో పని ఎక్కువ.

"నేను రావొచ్చునా స్వరూపా?"

"నువ్వా? మీరు గిట్లాంటివి మొక్కరు గద."

"నా ప్రార్థన నేను జేసుకుంట. గుట్ట మీద జేసుకుంటె తప్పా?"

తప్పని ఎట్లా చెప్తుంది? ఒక్కతే పోవాలనుకున్నది నలుగురయ్యారు. స్వరూపకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇక యజమాని మిగిలాడు. ఆయన దగ్గరకు ఈదమ్మే పోయింది. స్వరూప వంటపాక చాటున నిలబడి విన్నది. చంద్రశేఖర్ మొదట "మొన్ననే చెప్పిన కదా" అన్నాడు. ఈదమ్మ కల సంగతి చెప్పింది. ఆ నెలలో పడవ ఇంజను మూడుసార్లు ఆగిపోయింది, వానకు ఒక బ్యాచి రద్దయింది. ఆయన మెడలోని తాయెత్తును వేళ్ళతో తిప్పాడు.

"అమ్మవారు పిలిస్తే ఆపేవాణ్ణా నేను? బేస్తవారం పోయిరండి. తిరుపతి తోడొస్తడు." లోపలికి వెళ్ళి కొబ్బరికాయ తెచ్చాడు. "నా పేరు మీద కొట్టండి."

స్వరూప గుండె తేలికపడింది. అది ఒక్క క్షణమే. ఆయన గుట్ట వైపు తిరిగి, కళ్ళు చికిలించి, తనలో తాను అనుకుంటున్నట్టే పైకి అన్నాడు. "ఇన్నాళ్ళు ఎవరూ చెప్పలేదే! ఏ రాయో గుర్తుపెట్టుకుని చెప్పండి. వెంకట్రాములు మేస్త్రీని పిలిపించి చిన్న గుడి లేపుదాం. పైదాక మెట్లు వేస్తే పెద్దవాళ్ళు గూడ వస్తరు. ట్రెక్కింగూ అయితది, దర్శనమూ అయితది."

స్వరూప గోడకు ఆనుకుంది. ఆ పైన ఉన్నది ఉన్నట్టు చూడాలనే కదా ఆమె ఆరాటం. ఇప్పుడు తన నోటి మాట వల్ల అక్కడ సిమెంటు, గంట, హుండీ, మైకు. తను చూడకముందే ఆ చోటును తనే పాడుచేసింది. పరుగెత్తి పోయి నిజం చెప్పేద్దామనుకుంది. చెప్తే ఇక ఈ జన్మకు తాడు దాటనివ్వరు, అత్తకు ముఖం చూపించలేకపోతుంది, మొగుడి పని కూడా పోవచ్చు. చెప్పకపోతే గుడి లేస్తుంది. బుధవారమంతా ఈ రెండింటి మధ్య తిరిగింది. అత్త దగ్గరకు నాలుగుసార్లు పోయి నాలుగుసార్లు వట్టిగానే తిరిగొచ్చింది. నాలుగోసారి ఈదమ్మ "ఏందే, పిల్లల కోడి తీర్గ తిరుగుతున్నవు?" అని కసిరింది.

గురువారం ఎండ పొడుచుకురాగానే బయలుదేరారు. ఈదమ్మ, స్వరూప, కిష్టమ్మ, అమృతమ్మ, ముందు తిరుపతి. కొబ్బరికాయ ఈదమ్మ కొంగులో ముడేసుకుంది. పది అడుగులు నడిచారో లేదో అమృతమ్మ నవ్వింది. కిష్టమ్మ చేతిలో కొడవలి ఉంది.

"ఎందుకే గది?"

"ఏమో. ఒట్టి చేతులతోని నడుద్దామంటె ఎట్లనో ఉంది," అంది కిష్టమ్మ. సిగ్గుపడుతూ వెనక్కి పోయి కొడవలిని వంటపాక చూరులో గుచ్చి వచ్చింది.

నిజమే, ఎట్లానో ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. కొంగు పట్టుకున్నారు, వదిలారు, నడుం మీద పెట్టుకున్నారు. నెత్తిన ఏమీ లేకపోయినా స్వరూప మెడ నిటారుగా బిగుసుకునే ఉంది. ఉప్మా డబ్బా ఒలుకుతుందేమోనని అడుగు అడుగుకూ జాగ్రత్త పడుతోంది. ఫస్ట్ స్టాప్ దాటిన చాలాసేపటికి గానీ ఆమె మెడ ఆ బరువు లేదని ఒప్పుకోలేదు. అప్పుడు తల అటూ ఇటూ తిప్పి చూసింది. ఆదివారాలన్నీ ఎక్కిన దారే. ఈ పక్కన తునికి చెట్లున్నాయని, ఆ పక్కన సన్నటి వాగు పారుతోందని ఇప్పుడే తెలిసింది.

సెకండ్ స్టాప్ వచ్చింది. నీలం తాడు, బోర్డు. తిరుపతి తాడు ఎత్తిపట్టుకుని "రాండ్రి" అన్నాడు.

ఈదమ్మ బండ దగ్గర ఆగింది. "నువ్వు ఈడ కూసో బిడ్డా."

"అదేంది పెద్దమ్మా? సార్ తోడు పొమ్మన్నడు."

"ఆడోళ్ల మొక్కు ఇది. మొగోడు రావొద్దు."

"గట్లని ఎవరు జెప్పిండ్రు?"

"కల మీ సార్‌కొచ్చిందా, నా కోడలికొచ్చిందా?"

తిరుపతి స్వరూప వైపు చూశాడు. స్వరూప నేల చూపులు చూసింది. కలలో ఇట్లాంటి మాటేదీ తను చెప్పలేదు. వాడు గొణుక్కుంటూ బోర్డు కిందే బండ మీద కూలబడ్డాడు. నలుగురూ ఒకరి వెనక ఒకరు తాడు దాటారు.

ఆ పైన దారి నిలువుగా ఉంది. నడుమెత్తు గడ్డి, కాలి కింద జారే గులకరాళ్ళు. ఈదమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి ఎక్కింది. కిష్టమ్మ మోకాలిని తిట్టుకుంటూ ఎక్కింది. డ్రోను తనను పట్టిన మలుపు దగ్గర స్వరూప ఒక్క క్షణం ఆగి ఆకాశం చూసింది. ఏ రొదా లేదు. అక్కడి నుంచి ఆమె ముందు నడిచింది. ఎక్కేకొద్దీ భయం ఎక్కువైంది. అమ్మ ఏదీ అని అడిగితే ఏ రాయి చూపించాలి? చూపించిన రాయికి రేపు మేస్త్రీ కొలతలు తీసుకుంటాడు.

దారి ఒక్కసారిగా అయిపోయింది.

నల్లటి పెద్ద బండ, దాని అంచు అవతల నేలే లేదు. కింద కృష్ణ. ఇన్నాళ్ళూ వంటపాక నుంచి గుడారాల సందున కోక అంచంత కనిపించిన నది ఎంత వెడల్పుగా పడుకుని ఉందో! దాని అవతల నల్లమల. ఒక గుట్ట వెనక ఇంకో గుట్ట, దాని వెనక ఇంకోటి, పోనుపోను నీలంగా, పలచగా. చివరిది గుట్టో మబ్బో తెలియదు. ఎక్కడా ఒక ఇల్లు లేదు, స్తంభం లేదు, గట్టు వేసిన చెలక లేదు. తవ్వాల్సింది, కొయ్యాల్సింది, మొయ్యాల్సింది కంటికి ఆనినంత మేర ఒక్కటీ లేదు. గాలి ఒకటే వీస్తోంది.

కేకలెందుకో, ఆ వెనక నిశ్శబ్దమెందుకో స్వరూపకు తెలిసిపోయింది. మాటల్లో చెప్పలేమన్నవాళ్ళు నిజమే చెప్పారు. ఆమె బండ మీద కూర్చుండిపోయింది. ఆమెకు ఎంత సంతోషమయిందంటే, కళ్ళ నీళ్ళు కారుతున్నాయని గాలి తగిలి చల్లబడ్డాక గాని తెలియలేదు. తక్కిన ముగ్గురూ వచ్చి పక్కన కూర్చున్నారు. కిష్టమ్మ కాళ్ళు చాపుకుంది. అమృతమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది, తర్వాత కళ్ళు తెరిచి చూస్తూనే ఉంది.

సంతోషం పట్టలేకనే కావచ్చు, స్వరూపకు అబద్ధం ఇక మోయబుద్ధి కాలేదు.

"అత్తా," అంది. "ఈడ అమ్మ లేదు. నాకు కల రాలే. సూడబుద్ధయి అబద్ధం జెప్పిన."

ఈదమ్మ నది మీంచి కళ్ళు తిప్పలేదు.

"నాకు తెల్వదా?"

స్వరూప అత్త వైపు తిరిగింది.

"నా కలలకు ఎంతమంది అమ్మలొచ్చిండ్రో. కోడిని అడగని అమ్మ యాడన్న ఉంటదానే, పిచ్చిదానా? నిమ్మకాయ గూడ ఒద్దన్నదంటివి. అప్పుడే అనుకున్న, ఇది అమ్మ మాట గాదు, నా కోడలి మాట అని."

"మరి ఎందుకొచ్చినవు?"

ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకేమన్న చూడబుద్ధి కాదా?" అంది. "చిన్నప్పుడు మా ఊరి గుట్టెక్కుదామంటె మా అవ్వ ఏం పనే అన్నది. పెండ్లయినంక మీ మామ ఏం పనే అన్నడు. మొన్న నువ్వడిగితె నేనూ గదే అంటి. అన్నంక ఆ రాత్రి నాకు కన్ను మూత పడలే."

స్వరూప అత్త చేతిని పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతిని అట్లా పట్టుకోవడం అదే మొదలు. గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన ఆ చేయి వెనక్కి తీసుకోలేదు.

కిష్టమ్మ గొంతు సవరించుకుంది. "ఈ మోకాలు గుట్టెక్కితె తగ్గుతదా, ఎక్కువైతదా? నేను మాత్రం అమ్మ కోసమొచ్చిన్నా?" అంది. అమృతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు ఎవరు నవ్వారో గాని నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈదమ్మ కొబ్బరికాయ విప్పి బండకేసి కొట్టింది. "సార్ పేరు మీద," అని పెద్ద చిప్ప స్వరూపకు ఇచ్చింది. తింటూ కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కుతున్నా లేవబుద్ధి కాలేదు.

దిగుతున్నప్పుడు మాత్రం స్వరూపకు మళ్ళీ గుడి సంగతి గుర్తొచ్చింది. అనుకున్నట్టే చంద్రశేఖర్ గుట్ట మొదట్లోనే ఎదురయ్యాడు. పక్కన మోటారు సైకిల్ మీద వెంకట్రాములు మేస్త్రీ, చేతిలో టేపు.

"అయిందా మొక్కు? ఏ రాయమ్మా? ఫోటో తీసిన్రా?"

ఇదిగో, ఇక్కడ చెప్పేయాలి. స్వరూప నోరు తెరిచింది.

ఈదమ్మ ఆమెను మోచేత్తో పక్కకు జరిపింది. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి, జుట్టు ముడి విప్పి దులిపి మళ్ళీ వేసుకుంది. కళ్ళు సగం మూసింది. "అమ్మ నాకు ఒంటి మీదికొచ్చింది సార్," అంది.

చంద్రశేఖర్ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మేస్త్రీ బండి దిగి చెప్పులు విడిచాడు. "ఏమన్నది?"

"నెత్తి మీద నీడ ఒద్దన్నది. గుడి ఒద్దు, గంట ఒద్దు, మెట్లు ఒద్దు. రాయికి పేరు గూడ పెట్టొద్దన్నది. ఎవడన్న ఒక్క ఇటుక పెట్టిండా, ఇంజను గాదు, పడవే మునుగుతదన్నది."

చంద్రశేఖర్ టేపు వైపు చూశాడు. మేస్త్రీ దాన్ని జేబులో దాచేశాడు.

"మరి ఏం చెయ్యమన్నదమ్మా?"

"నెలకొకపారి ఆడోళ్లు రావాల్నంట. పని జేసే ఆడోళ్లు. ఒట్టి చేతులతోని."

"ఎన్ని నెలలు?"

ఈదమ్మ కళ్ళు తెరిచింది. "అది జెప్పలే," అంది.

చంద్రశేఖర్ గుట్ట వైపు చూసి తలూపాడు. తిరుపతిని పిలిచి, నెలకో గురువారం ఆ తాడు విప్పి పెట్టమన్నాడు.

వంటపాకలో పొయ్యి చల్లబడి ఉంది. శనివారం బ్యాచికి పిండి పట్టించాలి, పల్లీలు ఒలవాలి. స్వరూప చీపురు పట్టుకుంది. అంట్ల తొట్టి వైపు పోతూ ఈదమ్మ ఆమె పక్కన ఆగింది, ఎవరూ వినకుండా వంగింది.

"వచ్చేసారి మీ అమ్మను జర పొద్దుగాల పిలువుమను. మాడు పేలిపోయింది."